వేదసాక్షి పెర్పెతువా

రోమక సామ్రాజ్యమున చక్రవర్తులు గ్రంథములు వ్రాసిరి. సేనానులు తమ దండయాత్రలను గూర్చి వ్రాసిరి. కవులును వక్తలును కోకొల్లలుగా వ్రాసిరి. కాని ఆ కాలపు స్త్రీ యొకతె తన బ్రదుకును గూర్చి తానే చెప్పుకొనిన వచనము మనకు దక్కుట మిక్కిలి యరుదు. అట్టి యరుదైన వ్రాతలలో ఒకటి ఉత్తరాఫ్రికా యందలి కార్తేజి నగరపు చెరసాలలో పుట్టినది. దానిని వ్రాసినది మరణశిక్షకు గురియైన ఇరువదిరెండేండ్ల యువతి. ఒడిలో పాలు మానని బిడ్డ. ఎదుట కన్నీరు కార్చుచు తండ్రి. ఆమె పేరు విబియా పెర్పెతువా.

ఆమె క్రైస్తవలోకమునకు వేదసాక్షి. ‘మార్టిర్’ అను గ్రీకుపదమునకు సాక్షి యనియే మొదటి యర్థము. నమ్మినదానికి ప్రాణమునే సాక్ష్యముగా నిచ్చినవారికి ఆ పదము క్రమముగా రూఢియైనది. తెలుగు క్రైస్తవులు వాడు వేదసాక్షి, హతసాక్షి యను మాటలు ఆ భావమును తెలుపునవే. అయితే పెర్పెతువా ఇచ్చిన సాక్ష్యము రెండు విధములు. క్రీడారంగమున మరణించి యిచ్చినది ఒకటి. అంతకు ముందు చెరసాలలో వ్రాసి యుంచినది మరియొకటి. మొదటిది ఆమెను పూజ్యురాలిని జేసినది. రెండవది ఆమె కూతురనియు, తల్లి యనియు మనము మరువకుండ జేసినది.

కార్తేజి, ఆనాటి పరిస్థితి

కార్తేజి నేటి ట్యునీసియా రాజధానియైన ట్యూనిస్ నగరమునకు చేరువనున్న సముద్రతీర పట్టణము. క్రీస్తుశకము రెండవ, మూడవ శతాబ్దులలో అది రోమక ఆఫ్రికాకు ముఖ్యనగరము. అప్పుడు రోమును ఏలుచున్నవాడు సెప్తిమియు సెవెరు (193–211). అతడును ఆఫ్రికావాడే, నేటి లిబియా యందలి లెప్తిస్ మాగ్నాలో జన్మించెను. క్రైస్తవమతమున నూతనముగా చేరుటను అతడు శాసనముచే నిషేధించెనని తరువాతి గ్రంథ మొకటి చెప్పుచున్నది గాని, ఆ శాసనమును పలువురు చరిత్రకారులు శంకించుచున్నారు. శాసన మున్నను లేకున్నను, ఆ దినములలో క్రైస్తవుల బ్రదుకు ఆయా రాష్ట్రాధిపతుల చిత్తముపై నాధారపడి యుండెను.

అధికారులు వారినుండి కోరినది పైకి చూడ చిన్నదే: చక్రవర్తుల క్షేమమునకై దేవతలకు బలి యర్పించుట. అనేక దేవతలను కొలుచు రోమకులకు అది మతపరీక్షకంటె రాజభక్తికి గుర్తుగా తోచెడిది. దానిని కాదనుట మూర్ఖత్వమనియు, రాజద్రోహ మనియు వారు తలచిరి. ఒక్క దేవునినే కొలుచు క్రైస్తవులకు అదియే ప్రాణసంకటము. ఈ రెండు దృష్టులకు నడుమ పెర్పెతువా కుటుంబము నలిగిపోయెను.

ఆమెతో పట్టుబడినవారు రెవొకాతుడు, అతని తోటి దాసి ఫెలిసితా, సాతుర్నీనుడు, సెకుందులుడు. అందరును యువజనులు, ఇంకను జ్ఞానస్నానము పొందక, మతోపదేశము వినుచున్నవారు. వారికి గురువైన సాతురుడు ఆ సమయమున అచ్చట లేడు. శిష్యులు చెరలో నుండగా తాను వెలుపల నుండనొల్లక, పిదప తనంతట తానే వచ్చి అధికారులకు లొంగిపోయెను. ఉపాధ్యాయులు ఈ చిన్న సంగతిని గమనింపక మానరు.

పెర్పెతువా ఉన్నతకుటుంబమున బుట్టినది, చదువుకొన్నది, వివాహితయు అని ఆ గ్రంథమునకు పీఠిక వ్రాసినవారు తెలిపిరి. తల్లిదండ్రులును ఇద్దరు సోదరులును ఉండిరి. భర్త ప్రస్తావన మాత్రము ఆ గ్రంథమున నెచ్చటను లేదు.

కుండకు మరియొక పేరు

ఆమె వ్రాత తండ్రితోడి సంవాదముతోనే మొదలగును. బిడ్డపై ప్రేమచేత ఆ తండ్రి ఆమె మనస్సు మరల్ప జూచెను. ఆమె అచ్చట నున్న నీటికుండను జూపి, దీనిని దీని పేరుతో గాక మరియొక పేరుతో పిలువవచ్చునా యని యడిగెను. పిలువరాదని అతడనెను. అట్లే తానును క్రైస్తవురాలిని తప్ప మరియొకతెనని చెప్పుకొనజాలనని ఆమె బదులు చెప్పెను. తండ్రి కోపముచే మైమరచి, ఆమె కన్నులు పెరుకునట్లు మీదికి వచ్చెను. అంతలో వెనుదిరిగి పోయెను. కొన్నాళ్లు అతడు రాకుండుట తనకు ఊరటగా నుండెనని ఆమె దాచక వ్రాసినది. ఆ దినములలోనే వారందరు జ్ఞానస్నానము పొందిరి.

పిమ్మట చెరసాల. అంతటి చీకటిని ఆమె యెన్నడు నెరుగదు. జనసమ్మర్దముచే ఉక్క, భటుల దౌర్జన్యము, వీనికి మించి బిడ్డను గూర్చిన దిగులు. తనకు భయము కలిగెనని ఆమె సిగ్గుపడక చెప్పినది. తెర్తియుడు, పొంపోనియుడు అను ఇద్దరు సంఘపరిచారకులు కాపలావారికి ధనమిచ్చి, దినమునకు కొన్ని గడియలు బందీలను గాలి వచ్చు చోటికి మార్పించిరి. అచ్చట ఆమె ఆకలిచే సొమ్మసిల్లిన బిడ్డకు పాలిచ్చెను. తరువాత బిడ్డను తనయొద్దనే ఉంచుకొనుటకు అనుమతి దొరకెను. ఆ క్షణమున ఆమె దేహము తేలికపడెను. చెరసాల ఆమెకు రాజగృహమువలె తోచెను. బిడ్డ ఒడికి వచ్చినంతనే కలిగిన యీ మార్పును కల్పించి వ్రాయుట సులభము కాదు.

తండ్రి మరల వచ్చెను. ఈమారు కోపము లేదు. అతడు దుఃఖముచే కృశించి యుండెను. నెరసిన తలను జూచియైన కనికరింపుమనెను. సోదరులందరికంటె మిన్నగా ఆమెను పెంచితి ననెను. తల్లిని, తల్లి తోబుట్టువును, తల్లి లేక బ్రదుకజాలని బిడ్డను తలచుకొమ్మనెను. ఆమె చేతులు ముద్దిడుకొని, పాదములపై బడి, కుమార్తె యని గాక యజమానురాలిని బిలుచు పదముతో ఆమెను బిలిచెను. రోమక న్యాయమున ఇంటి పెద్దకు సంతానముపై గల యధికారము ఇంతింత యనరానిది. అట్టి అధికారము గల తండ్రి కూతురి కాళ్లపై బడుట ఆ లోకమున తలక్రిందులైన దృశ్యము. తన వారందరిలో తన మరణమునకు సంతసింపలేనివాడు అతడొక్కడే యని ఆమె మనస్సు కలతపడెను.

విచారణనాడు నగరమధ్యమున జనము క్రిక్కిరిసి యుండెను. రాష్ట్రాధిపతి మరణింపగా ఆ యధికారమును తాత్కాలికముగా వహించిన హిలారియనుడు న్యాయపీఠమున నుండెను. ఆమె వంతు వచ్చుసరికి తండ్రి బిడ్డ నెత్తుకొని వచ్చి, మెట్టు మీదినుండి ఆమెను క్రిందికి లాగెను. హిలారియనుడును తండ్రి ముసలితనమును, బిడ్డ పసితనమును తలచి బలి యర్పింపుమని హితవు చెప్పెను. ఆమె యొప్పుకొనలేదు. క్రైస్తవురాలవా యని యడుగగా, అవుననెను. తండ్రి ఇంకను అడ్డుపడుచుండగా, అతనిని త్రోసివేసి కర్రతో కొట్టుమని యాజ్ఞ యయ్యెను. ఆ దెబ్బ తనకే తగిలినట్లు ఆమె విలవిలలాడెను. తీర్పు అందరికి నొక్కటే: మృగములకు ఆహుతి.

చెరసాలకు మరలివచ్చిన పిదప ఆమె బిడ్డకై కబురంపెను. తండ్రి బిడ్డ నీయలేదు. అయినను బిడ్డ పాలకై యేడ్చుట మానెననియు, తనకు పాలు గట్టి బాధ కలుగలేదనియు ఆమె వ్రాసినది. దానిని ఆమె దేవుని యనుగ్రహముగా గ్రహించినది. క్రీడల దినము సమీపింపగా తండ్రి చివరిసారి వచ్చి, గడ్డము పెరుకుకొని, నేలపై బోర్లబడి విలపించెను. అతని వార్ధక్యమునకు ఆమె దుఃఖించినది గాని మాట మార్చుకొనలేదు.

బిడ్డను విడిచి పోవుట న్యాయమా యని చదువరి మనస్సున ప్రశ్న కలుగక మానదు. ఆమె ఆ ప్రశ్నను దాచలేదు. తండ్రి నోట పలుమారులు పలికించినది. అతని మాటలలోని బరువును తగ్గించి వ్రాయలేదు. తన్ను ఓడింప వచ్చినవాని పక్షమును ఇంత నిండుగా వ్రాసిన నిజాయితీయే ఈ గ్రంథమునకు ప్రాణము.

స్వప్నములు

చెరసాలలో ఆమె నాలుగు స్వప్నములు గనెను. మొదటి దానిలో ఆకాశము నంటు కంచునిచ్చెన. ఒక్కరే ఎక్కదగినంత ఇరుకైనది. ఇరుప్రక్కల కత్తులు, ఈటెలు, కొక్కెములు. అడుగున మహాసర్పము. సాతురుడు ముందుగా నెక్కెను. ఆమె ఆ సర్పము తలనే మొదటి మెట్టుగా ద్రొక్కి పైకి పోగా, విశాలమైన తోటలో గొల్లవేషమున నెరసిన తల గల వృద్ధుడొకడు గొఱ్ఱెల పాలు పిదుకుచుండెను. అతడు పెట్టిన ముద్దను ఆమె తినెను. మెలకువ వచ్చినను నోట తీపి యుండెను. ఇక ఈ లోకమున తమకు ఆశ లేదని వారు గ్రహించిరి.

తరువాతి రెండు స్వప్నములు తమ్ముడు దినొక్రాతును గూర్చినవి. వాడు ఏడేండ్ల ప్రాయమున ముఖమున పుండు లేచి చనిపోయెను. తొలుత వాడు దప్పికతో, మాసిన బట్టలతో కనబడెను. ఎదుట నీటితొట్టి కలదు గాని దాని యంచు వానికందదు. ఆమె రేయింబవళ్లు వానికై ప్రార్థించెను. మరల కనబడినప్పుడు తొట్టి యంచు వాని నడుముకు దిగియుండెను. వాడు బంగారుపాత్రతో దప్పిక తీర్చుకొని, పిల్లలవలె ఆటలకు పరుగెత్తెను. తన మరణము ముంగిట నుండగా ఆమె మనస్సు దాహముతో పోయిన తమ్మునిపై నిలిచినది.

నాలుగవ స్వప్నమున ఆమె పురుషరూపము దాల్చి, వికృతాకారుడైన ఐగుప్తీయునితో మల్లయుద్ధము చేసి గెలిచెను. తన పోరు మృగములతో గాదు, సైతానుతోనే యని ఆమె దాని కర్థము చెప్పుకొనెను. అంతటితో ఆమె వ్రాత ముగియును. క్రీడలకు ముందటి దినము వరకు జరిగినది తాను వ్రాసితిననియు, అటుపై జరుగబోవునది వ్రాయ నిష్టమున్నవారు వ్రాయవచ్చుననియు చెప్పి ఆమె విరమించెను.

దాసి ఫెలిసితా

ఆ వ్రాయ నిష్టమున్నవాని పేరు మనకు దక్కలేదు. అతడు తొలుత సెకుందులుడు చెరలోనే మరణించెనని చెప్పి, ఫెలిసితా కథ నెత్తుకొనెను. ఆమె యెనిమిదినెలల గర్భిణి. గర్భిణులను వధించుటను రోమక న్యాయ మొప్పదు. తన వారినుండి విడివడి, తరువాత నేరస్థుల నడుమ చావవలసివచ్చునేమో యని ఆమె దిగులు పడెను. అందరును ప్రార్థించిరి, ఆమెకు నెలలు నిండకయే నొప్పులు వచ్చెను. ఈ బాధకే యేడ్చుదానవు మృగముల యెదుట ఏమి చేయుదువని కావలివాడొకడు ఎగతాళి చేసెను. ఈ నొప్పి తానే పడుచున్నదనియు, అప్పుడు తనకై పడువాడు తనలో వేరొకడుండుననియు ఆమె చెప్పెను. ఆమెకు కలిగిన ఆడబిడ్డను క్రైస్తవస్త్రీ యొకతె తన బిడ్డగా పెంచెను.

క్రీడారంగమున

క్రీస్తుశకము 203వ సంవత్సరము మార్చి 7వ తేదీన, చక్రవర్తి చిన్నకుమారుడు గేతా జన్మదినోత్సవ సందర్భమున, వారి వధ జరిగినదని పండితులు సామాన్యముగా నంగీకరించుచున్నారు. ద్వారమునొద్ద పురుషులకు సాతుర్ను దేవుని అర్చకుల వేషమును, స్త్రీలకు సెరెస్ దేవత అర్చకురాండ్ర వేషమును వేయబోగా, పెర్పెతువా యొప్పుకొనలేదు. దేవతారాధన చేయనందుకే తాము ప్రాణమిచ్చుచుండగా ఆ వేషమేల యని ఆమె వాదము. అధికారి ఆ మాటకు లొంగెను.

పురుషులపైకి చిరుతపులిని, ఎలుగుబంటిని, అడవిపందిని వదలిరి. స్త్రీలపైకి మదించిన ఆవును వదలిరి. వలలు మాత్రమే చుట్టి వారిని తెచ్చినపుడు, ఒకతె సుకుమారి, మరియొకతె అప్పుడే ప్రసవించిన బాలెంత యని చూచి క్రూరవినోదమునకు వచ్చిన జనమే జంకెను. అప్పుడు వారికి వస్త్రములు తొడిగిరి. ఆవు పెర్పెతువాను ఎత్తి పడవేసెను. ఆమె చిరిగిన వస్త్రమును సవరించుకొనెను. జుట్టు విరబోసికొనుట శోకచిహ్నము గనుక సూది యడిగి ముడివేసికొనెను. పిదప నేలబడిన ఫెలిసితాకు చేయి యందించి లేవనెత్తెను. కులీన వనితయు దాసియు జనసహస్రము నడుమ ప్రక్కప్రక్కన నిలిచిరి.

చిరుతపులి వాత బడిన సాతురుడు, తమ విశ్వాసమును స్వీకరించిన చెరసాల యధికారి పూదెన్సు వ్రేలి యుంగరమును తన రక్తమున ముంచి గుర్తుగా నిచ్చెను. చివర ఖడ్గము. పెర్పెతువాకు ఎదురైన ఖడ్గధారి క్రొత్తవాడు. అతని వ్రేటు ఎముకకు తగిలెను. ఆమె కేక వేసెను. పిదప వణకుచున్న ఆ చేతిని తానే కంఠమునకు చేర్చుకొనెను.

వేయేండ్లు దాటిన స్మరణ

ఆమె కీర్తి త్వరగా వ్యాపించెను. కార్తేజి రచయిత తెర్తుల్లియనుడు ఆ తరములోనే ఆమె స్వప్నమును ప్రస్తావించెను. 354వ సంవత్సరపు రోము పంచాంగము మార్చి 7న పెర్పెతువా, ఫెలిసితాల పేర్లు చేర్చినది. రోమక పూజావిధి యందలి ప్రాచీన ప్రార్థనలో వీరిద్దరి పేర్లును స్థిరపడినవి. ఆ ప్రార్థనను పూర్తిగా పఠించినపుడు తెలుగునాటి కథోలిక దేవాలయములలోను ఆ పేర్లు వినబడును. ఇటలీలోని రవెన్నా నగరమున ఆరవ శతాబ్దపు రంగురాళ్ల చిత్రములో, కిరీటములు చేతబట్టి నడచు పుణ్యస్త్రీల వరుసలో ఇరువురును కలరు. వారి దేహములు కార్తేజి యందలి ఒక పెద్ద దేవాలయమున నుండెనని అయిదవ శతాబ్దివాడైన వీతా నివాసి విక్తరు వ్రాసెను. 1906–07 ప్రాంతమున దెలాత్ర్ అను ఫ్రెంచి గురువు త్రవ్వకములు జరిపి వారి పేర్లు గల ఫలకమును ముక్కలుగా కనుగొనెను.

అయిదవ శతాబ్దారంభమున అగస్తీను వారి పండుగనాడు ప్రసంగములు చేసెను. పురుషులును మరణింపగా పండుగ ఈ యిద్దరు స్త్రీల పేరనే యేల జరుగుచున్నదని ప్రశ్నించి, లాటిను భాషలో ఆ రెండు పేర్లును కలిపిన శాశ్వతానంద మను నర్థము వచ్చుననియు, అందరు వేదసాక్షులు పొందిన ఫలము అదియే యనియు సమాధానము చెప్పెను. ఆ ప్రసంగములలో ఒకదాని మరుగుపడిన భాగము జర్మనీ యందలి ఎర్ఫుర్టు గ్రంథాలయపు వ్రాతప్రతిలో 2007లో బయటపడినది. ఇంత గౌరవించినను, దినొక్రాతు స్వప్నమును ఆధారముగా గొని కొందరు సిద్ధాంతములు చేయగా, ఈ గ్రంథము వేదశాస్త్రము కాదని హెచ్చరించినవాడును అతడే.

పూజ పెరిగినకొలది మనిషి మరుగగుట లోకసహజము. తరువాతి కాలమున ఈ కథకు సంక్షేపములు పుట్టినవి. వానిలో భర్తయును ప్రవేశించెను; పెర్పెతువా బిడ్డను ప్రక్కకు నెట్టి, తల్లిదండ్రులను కఠినముగా తరిమివేసినట్లు చిత్రింపబడినది. దుఃఖము ధైర్యమునకు లోపమని ఆ సంక్షేపకర్తలు తలచిరి కాబోలు. కాని మూలము నశింపలేదు. మోంతె కస్సీనో మఠమున హోల్‌స్టేనియు కనుగొన్న వ్రాతప్రతి 1663లో అచ్చుపడినది; 1889లో జెరూసలేమున గ్రీకుప్రతి దొరకినది. ఆ దినచర్య ఆమె చేతిదేనా యని శంకించినవారు కొందరు లేకపోలేదు. పలువురు పండితులు ఆమెదే యనుచున్నారు. ఆ మూలమున బిడ్డను నెట్టివేసిన తల్లి లేదు. పాలిచ్చి, బిడ్డకై కబురంపి, తండ్రికి తగిలిన దెబ్బకు తల్లడిల్లిన స్త్రీ కలదు.

అగస్తీనుకును ఇది తెలియును. తల్లిదండ్రుల గౌరవింపుమను ఆజ్ఞకు భంగము కలుగకుండ ఆమె తండ్రికి బదులు చెప్పిన తీరును అతడు ప్రత్యేకముగా మెచ్చుకొనెను. ఆ దినములలో ఉత్తరాఫ్రికా దేవాలయములందు ఆమె పండుగనాడు ఈ గ్రంథమును బిగ్గరగా చదువుచుండిరి. ఆమె విజయమును వినవచ్చిన జనము, ఏటేట ఆ ముసలితండ్రి యేడ్పును గూడ వినవలసివచ్చెను. ఏలయన, ఆమె తన వ్రాతలో దానికి చోటిచ్చియే పోయినది.